వానకూర

మా నిస్సీని హాస్టల్ నుంచి పంపించేస్తామని ఫోనొచ్చినప్పుడు నేను మిషను మీద ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నా. రెంటచింతలలో ఆ ఏడు ఎండలు మే నెలతో పోలా. జూన్ అంతా మాడ్చి, జూలై రెండో వారంలో గానీ వాన మా మొహం చూడలా. ఆ తొలి వానలు పడిన వారానికే ఈ ఫోను.

మీ పాప పక్క మంచం పిల్లకి మెడకీ వీపుకీ దురదగొండాకు రుద్దింది, ఆ పిల్లకి ఒళ్ళంతా దద్దుర్లు, వచ్చి తీసుకుపోండి అని వార్డెన్ ఒక్క ఊపిరిలో చెప్పి పెట్టేసింది.

నా కోపం సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నాకు ముందు నోరు బయల్దేరుతది, బుద్ధి ఆ వెనక బస్సులో వస్తది. మంచంలో ఉన్న మా అత్తమ్మకి గంజి తాగించి, కాస్త కనిపెట్టుకుని ఉండమని పక్కింటి హజ్రా బీ పిన్నికి చెప్పి, మాచర్ల బస్సెక్కా. మా ఆయన చంటి ఏమో లారీ మీద నాగపూర్ అవతల ఎక్కడో ఉన్నాడు. ఉన్నా ఒరిగేదేం లేదు, ఆఫీసు గదిలోకి వెళ్తే ఆయన చేతులు కట్టుకుని నిలబడే రకం.

ప్రిన్సిపల్ మేడం గదిలో నిస్సీ గోడ వారన నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల, రెండు జడలు, బిగబట్టిన మూతి. బల్ల మీద ఒక అట్ట. సైన్సు చెప్పే ఫాయిజా మేడం పిల్లలందరికీ ఒక పని పెట్టిందంట. పొలం గట్లన, కంపల్లో దొరికే ఆకుల్లో మీ ఇంట్లో ఏది తింటారో అది తెచ్చి అట్టకి అంటించి, పేరూ వండే తీరూ రాయండీ అని. ఒకళ్ళు చెంచలి కూర తెచ్చారు, ఒకళ్ళు గలిజేరు తెచ్చారు. నెలకోసారి ఇచ్చే ఆదివారం సెలవుకి ఇంటికొచ్చిన మా పిల్ల దురదగొండి తీసుకెళ్ళింది. అట్ట మీద దాని గుండ్రటి అక్షరాలు: వానకూర. మా నాయనమ్మ వండుతుంది. ఎలా వండుతుందో నాకు తెలియదు.

అంతే రాసింది. సోమవారం రాత్రి పక్క మంచం పిల్ల నిఖిత గోక్కుంటా ఏడుపు. పొద్దున్నే డాక్టరూ, సూదీ.

"నేను రుద్దలా. సంచిలోంచి ఆకు జారి దాని పక్క మీద పడింటది" అంది నిస్సీ.

మరి వేళ్ళ మీద ఆ దద్దులేంది అని ప్రిన్సిపల్ మేడం అడిగింది. కోసేటప్పుడు తగిలింది అంది నా కూతురు.

"దురదగొండి ఎవరన్నా వండుకుని తింటారా అమ్మా? అబద్ధం చెప్పినా కాస్త నమ్మేట్టు ఉండాలి" అందావిడ నా వంక తిరిగి. తిడితే పడేదాన్నేమో. నవ్వింది. అక్కడే నాకు కాలింది.

కాలడమే కాదు, ఇంకోటి కూడా జరిగింది. వానకూర అనే మాట చదవగానే నా నోట్లో దాని రుచి తెలిసింది. నేను నరసరావుపేట పిల్లని, పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ప్రతి ఏడూ తొలి వాన పడిన నాలుగైదు రోజులకి మా అత్తమ్మ, అప్పట్లో ఆవిడ వీధి చివర పాత ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకుని ఉండేది, ఒక గిన్నెలో ముదురాకుపచ్చ పప్పుకూరా నాలుగు జొన్నరొట్టెలూ తెచ్చి పెట్టేది. ఏం కూర అత్తమ్మా అంటే, వానకూర అనేది. బాగుండేది. గిన్నె ఊడ్చి తినేదాన్ని. గట్ల మీద ఆకు ఏదోలే అనుకున్నానే గానీ పద్నాలుగేళ్ళ పాటు నేను దురదగొండి తింటున్నానని నాకే తెలీదు.

ప్రిన్సిపల్ మేడం టీసీ కాగితం బయటికి తీసింది. అది చూసి నా నోరు బయల్దేరింది.

"మా పిల్ల అబద్ధం ఆడలా. ఆ కూర నేను వండి తెస్తా. మీ అందరి ముందూ నేను తింటా, మీరూ తినండి. ఆ పైన మీ ఇష్టం."

బల్ల పక్కనే నిలబడున్న ఫాయిజా మేడం అట్ట చేతిలోకి తీసుకుని, నిజంగా తింటారా, ఎట్టా వండుతారు అని అడిగింది. ఎకసెక్కానికి కాదు, తెలుసుకుందామనే అడిగింది. చిన్న వయసు, కళ్ళలో ఆ ఆత్రం కనిపిస్తానే ఉంది. ఎట్టా వండుతారో నాకేం తెలుసు. వచ్చినప్పుడు చెప్తాలే అన్నా. ఆవిడే పెద్ద మేడాన్ని ఒప్పించి, ఆ పై వారం శనివారం తల్లిదండ్రుల మీటింగు దాకా గడువు ఇప్పించింది. అప్పటిదాకా నిస్సీ ఇంటి దగ్గరే.

బస్సులో నిస్సీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కుడిచేతి నాలుగు వేళ్ళ కొసలూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మంటగా ఉందా అంటే లేదంది. నిజంగా నువ్వు చెయ్యలేదుగా అన్నా. లేదంది. అదే మాట పట్టుకుని ఊళ్ళో దిగా.

మా అత్తమ్మ పేరు కాంతమ్మ. మే నెలలో వడగాడ్పుల్లో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క మధ్యాహ్నంలో పోయినయ్, మూతి పక్కకి లాగేసింది. అప్పుడే మా ఇంటికి తెచ్చుకున్నాం. బుర్ర మాత్రం పాదరసం. ఎడం చేత్తోనే అన్నీ చెప్పాలని చూస్తది, అర్థం చేసుకోవడం మా వల్ల కాదు. ఎవరి సాయం లేకుండా నలభై ఏళ్ళు మిరపకోతల్లో ముఠా నడిపిన మనిషి, మంచినీళ్ళు కావాలని చెప్పడానికి మంచం పట్టె కొట్టాల్సొచ్చింది.

ఇంటికి రాగానే జరిగిందంతా ఆవిడకి చెప్పా. విన్నది. నిస్సీని దగ్గరికి రమ్మని ఎడం చెయ్యి ఊపింది. పిల్ల వచ్చింది గానీ మంచం మీద కూర్చోలా. అత్తమ్మ దాని కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి, వేళ్ళ కొసలు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కో వేలి మీదా తన వేలుతో తట్టి నా మొహంలోకి చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదటినుంచీ.

"కోసేటప్పుడు తగిలిందంట అత్తమ్మా" అన్నా.

ఆవిడ కళ్ళు మూసుకుంది. మంటకి మా ఇళ్ళల్లో ఆముదమే మందు, మిరపకోతల నుంచి వస్తే చేతులకి అదే రాస్తారు. గిన్నెలో కాస్త పోసి తెచ్చి, నీ చేత్తో రాయి అత్తమ్మా అని ఆవిడ పక్కన పెట్టా. ఆవిడ ఎడం చెయ్యి గిన్నెకి తగిలి ఆముదం అంతా నేల మీద పోయింది. పాపం చెయ్యి వణికిందనుకుని నేల తుడిచా.

ఆ సాయంత్రమే హజ్రా పిన్నిని కూర్చోబెట్టి అడిగా. ఆవిడా మా అత్తమ్మా ఒకే ముఠాలో మిరపకాయలు కోసినోళ్ళు. పిన్ని కాసేపు నసిగి, అసలు సంగతి చెప్పింది. అత్తమ్మ చిన్నప్పుడు కరువులొస్తే మాచర్ల అవతల అడవి వార ఊళ్ళల్లో ఈ ఆకే కూరంట. గోగాకు కూడా ఎండిపోయినా ఇది కంపల మీద పాకేదంట. కరువు పోయాక అందరూ మానేశారు, కాంతమ్మ మాత్రం రుచి మరిగి ఏడాదికోసారి వండుకునేది.

"నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుందమ్మా పద్మజా. టౌను పిల్లవి గదా, మా అత్త గతిలేక తిన్న కూర నాకు పెట్టింది అనుకుంటావని."

నాకు సిగ్గేసింది. పద్నాలుగేళ్ళుగా ఆవిడ నన్ను అట్టా అనుకుంటుందా అని సిగ్గు, అట్టా అనుకునేట్టు నేనేం చేశానా అని ఇంకా సిగ్గు. కొత్తల్లో ఆవిడ జొన్నరొట్టె పెడితే నేను చపాతీ లేదా అన్న మాట గుర్తొచ్చింది. మరి వండటం నీకు తెలుసా పిన్నీ అంటే, తినడమే తెలుసు, పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు అంది.

మర్నాడు పొద్దున్నే నిస్సీని తీసుకుని ఆకు కొయ్యడానికి పోయా. కొయ్యడం దానికే తెలుసు, ఏటేటా నాకు తెలీకుండా నాయనమ్మ వెంట పోయేదంట. ఊరి బయట నాపరాళ్ళ గోడ మీద, సర్కారు కంప మీద పాకి ఉంది తీగ. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో. రంపం పళ్ళ అంచులు, సన్నటి నూగు. ఎండ పడితే ఆ నూగు మెరుస్తది. ఆ నూగే కుట్టేది. మా స్కూల్లో మగపిల్లలు కుర్చీల మీద రుద్దేవాళ్ళు, దాన్ని ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలా.

నిస్సీ ఎడం చేతికి ఆముదం పూసి గుడ్డ పేలిక చుట్టుకుంది. ఆ చేత్తో తీగ కొస పట్టుకుని, కుడిచేతిలో కొడవలితో తెంపి గంపలో వదిలింది. లేత కొసలు మాత్రమే, పైనుంచి నాలుగాకులు. దాని చేతుల్లో ఆ పని ఎంత చక్కగా నడిచిందో. నేనూ కోశా. ఎడం మణికట్టు దగ్గర పేలిక జారి నాకు తగిలింది. అగ్గిపుల్ల గీసినట్టు చురుక్కుమంది. నేను గెంతుతుంటే నిస్సీ నవ్వింది. ఇంటికొచ్చాక అది నవ్వడం అదే మొదలు. నా దద్దు తెల్లారేసరికి ఆనవాలు లేకుండా పోయింది.

ఇక వంట. మొదటిరోజు గోంగూర మగ్గించినట్టు నూనెలో వేయించి పప్పులో వేశా. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో నాలుక మీద చీమలు పాకినయ్. చెంబుడు మజ్జిగ తాగినా పోలా. రెండో రోజు కసిగా గంటసేపు ఉడకబెట్టా. కుట్టలా, నిజమే. కానీ నానబెట్టిన అట్టముక్క తిన్నట్టుంది. అత్తమ్మ వాసన చూసే మొహం తిప్పుకుంది. మా ఆయనకి ఫోన్ చేసి, మీ అమ్మ మీకు దురదగొండి పెట్టి పెంచిందయ్యా అంటే ఆయన నమ్మలా. నువ్వేదన్నా తిని పడిపోతే ఇంట్లో ఇద్దరు మంచాన పడతారు, మానెయ్యి అని కసిరాడు.

మానేసేదాన్నే. పిల్ల చదువు ఒక పక్క, కానీ నిజం చెప్తున్నా, అప్పటికి నాకు ఆ ఆకు పిచ్చి పట్టింది. మిషను దగ్గర కూర్చున్నా అదే ఆలోచన. చేత్తో ముట్టుకుంటే ఏడిపించే ఆకుని కుండలో వేసి చూద్దామని మొదట అనుకున్న ఆడమనిషి ఎవరు? ఎంత ఆకలేసి ఉంటది? మొదటి ముద్ద తను తిని, పిల్లలకి పెట్టకుండా ఎంతసేపు ఆగి చూసి ఉంటది? కుట్టించుకున్న జాకెట్ల కోసం వచ్చినోళ్ళకి కూడా ఇవే ప్రశ్నలు వేశా. పద్మజకి ఏమన్నా అయిందా అని వీధిలో అనుకున్నారంట.

అత్తమ్మని అడిగా. మంచం ముందు కింద కూర్చుని, ఎట్టా వండావో చెప్పు అత్తమ్మా, నాకు నేర్పు అన్నా. ఆవిడ నన్ను వింతగా చూసింది. ఎన్నడన్నా ఆవిడ వంట నేర్పమని అడిగానా నేను. తర్వాత ఎడం చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించింది. ఆపైన పిడికిలితో మంచం పట్టె మీద దబదబా కొట్టింది.

మూడు. మూడు ఏంది? మూడు మిరపకాయలా, మూడు చెంచాల చింతపండా, మూడు గంటలా? ఒక్కోటీ అడిగా. అన్నిటికీ అడ్డంగా తలూపి చివరికి విసుగొచ్చి గోడవైపు తిరిగింది. నిస్సీకి తెలుసేమో అడుగుదామంటే, అది నాయనమ్మ ఉన్న వసారాలోకే వచ్చేది కాదు. అన్నం కూడా లోపలే తినేది. ఆ మూతి చూసి భయపడుతుందేమో అనుకుని దాన్ని కోప్పడ్డా.

ఆ పై వారం, మీటింగు ఇక రెండు రోజులుందనగా, గురువారం నాడు నాకో ఉపాయం తట్టింది. అత్తమ్మ మంచాన్ని వసారాలో పొయ్యి పక్కకే జరిపి, కట్టెల పొయ్యి వెలిగించి, ఆవిడ చూస్తుండగా వండటం మొదలుపెట్టా. నేను తప్పు చేస్తే పట్టె కొట్టు అన్నా. ఎసట్లో ఆకు వెయ్యబోతే కొట్టింది. చింతపండు చూపించా, ఊరుకుంది. ముందు చింతపండు వేసి, తర్వాత ఆకు వేశా. నీళ్ళు పొంగి అంచు దాకా వచ్చాయి. ఆవిడ ఒక వేలు ఎత్తింది. నాకప్పటికి బుర్ర వెలిగింది. చన్నీళ్ళు చిలకరించా, పొంగు అణిగింది. మళ్ళీ పొంగింది, రెండు వేళ్ళు. మూడో పొంగుకి మూడో వేలు ఎత్తి, చెయ్యి విసురుగా పక్కకి తిప్పింది. దించెయ్యమని. మూడు పొంగులు, అంతే. మరీ తక్కువైతే కుడతది, ఒక్కటి ఎక్కువైతే రుచి పోతది.

పిడికిలి సంగతి చెప్పకుండానే తెలిసిపోయింది. గట్టిగా పిండి, రోట్లో వేసి వెల్లుల్లీ పచ్చిమిరపకాయలతో దంచి, అప్పుడు పెసరపప్పులో కలిపి తాలింపు పెట్టా. రొట్టె ముక్కతో మొదటి ముద్ద నేను తిన్నా. ఒక గంట ఆగా. తర్వాత అత్తమ్మ నోట్లో పెట్టా. ఆవిడ నమలడానికి చానాసేపు పడతది. మింగి, సగం మూతితో నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు. నాకూ ఆగలా. పద్నాలుగేళ్ళలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి వంట అది.

శనివారం పొద్దున మళ్ళీ తాజాగా వండి, నాలుగు గిన్నెల క్యారేజీ నిండా కూర, గుడ్డలో జొన్నరొట్టెలు, సంచిలో ఒక పచ్చి తీగ కూడా పెట్టుకుని స్కూలుకి పోయాం. మీటింగు హాల్లో ముప్పై మంది దాకా తల్లులు. ముందు వరసలో నిఖిత, వాళ్ళమ్మ. పిల్ల మెడ మీద మచ్చ కూడా లేదు, అదొక నయం.

అందరి ముందూ నిలబడి తిన్నా. రెండు రొట్టెలు తిన్నా. చూసేవాళ్ళు నా మూతి ఎప్పుడు వాస్తదా అని చూశారు. ఫాయిజా మేడం నా పక్కకి వచ్చి చెయ్యి చాపింది. ఒక ముద్ద తిని, ఆగి, ఇంకో రొట్టె ఇవ్వండి అంది. ఆ తర్వాత వెనక వరసలో ఒక ముసలావిడ లేచి, మా అమ్మ కూడా వండేదమ్మా, చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకున్నా అంది. ఇక క్యారేజీ చుట్టూ జనం. చివరికి ప్రిన్సిపల్ మేడం కూడా వేలి కొసన తీసుకుని నాలుక మీద పెట్టుకుంది.

"సరే పద్మజ గారూ. పాప చెప్పింది నిజమేనని ఒప్పుకుంటున్నా. సోమవారం నుంచి క్లాసుకి పంపండి" అంది.

నా సంతోషం ఏం చెప్పమంటారు. గెలిచా. పెద్ద చదువులోళ్ళ ముందు, మా అత్తమ్మ దాచుకున్న కూరతో గెలిచా.

ఫాయిజా మేడానికి అంతటితో తృప్తి లేదు. ఇంత కుట్టే ఆకుని ఎట్టా కోస్తారు, అందరికీ చూపించు అని నిస్సీని ముందుకి పిలిచింది. సంచిలో తీగ తీసి బల్ల మీద పెట్టా. నిస్సీ చేతికి పేలిక చుట్టుకుని, కొడవలి బదులు కత్తెర పట్టుకుని, తల వంచుకునే చెప్పింది.

"ఎడం చేత్తో పట్టుకోవాలి. కుడిచేత్తో తెంపాలి. కుడిచెయ్యి ఆకుని అసలు ముట్టుకోదు. తగిలితే ఎడం మణికట్టుకే తగులుద్ది. కుడి వేళ్ళకి తగిలిందంటే..."

అక్కడ ఆగిపోయింది.

నేను క్యారేజీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నా. నా చేతులు ఆగినయ్. బస్సులో చూసిన వేళ్ళు. కుడిచేతి నాలుగు వేళ్ళ కొసలు. ఆదివారం కోసిన ఆకు దద్దు అయితే మంగళవారం దాకా ఉండదు, నాది తెల్లారేసరికి పోయింది. అత్తమ్మ ఒక్కో వేలే తట్టి నా మొహంలోకి చూడ్డం. ఒలికిపోయిన ఆముదం. ఆ చెయ్యి ఎప్పుడూ వణకదు. పొంగులు లెక్కపెట్టిన చెయ్యి అది.

తలెత్తి చూస్తే నిస్సీ నన్నే చూస్తుంది. నేను తెలుసుకున్నానని దానికి తెలిసిపోయింది. ఫాయిజా మేడం, భలే చెప్పావు అని చప్పట్లు కొట్టించింది.

గిన్నెలు కడగాలని కుళాయి దగ్గరికి పోయా. పిల్ల నా వెనకే వచ్చింది. నేను అడగలా. కడుగుతా ఉన్నా.

"నిఖిత మన నాయనమ్మ లాగా మూతి పెట్టిందమ్మా" అంది. "పోయిన నెల నాయనమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తా మీరు మా హాస్టల్ గేటు దగ్గర ఆగారు గదా, ఆరోజు చూసింది. రోజూ అన్నం కాడ అట్టా మూతి పెట్టి, అందర్నీ నవ్విచ్చింది. అందుకే రుద్దా."

"ఆకు అందుకే తెచ్చావా?"

"కాదు. అట్ట కోసమే తెచ్చా. నిజంగా. అంటించాక రెండాకులు మిగిలినయ్."

నేనైతే ఏం చేసేదాన్ని ఆ వయసులో? ఇంకా ఎక్కువే రుద్దేదాన్ని. నోరు మూసుకుని బస్సెక్కేస్తే అయిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. చదువు నిలబడేది. ఒకటే అడ్డం. ముప్పై మంది తల్లులు నా అత్త కూరని నమ్మి తిన్నారు. దాంతోపాటు నా కూతురి అబద్ధం కూడా తిన్నారు. వండి వడ్డించింది నేను.

"పోయి చెప్పు" అన్నా. "టీసీ ఇస్తే ఇచ్చారు. నేనూ వస్తా."

నిస్సీ ఏడవలా. ముందు నడిచింది. ప్రిన్సిపల్ మేడం గదిలో అప్పటికి నిఖితా, వాళ్ళమ్మా కూడా ఉన్నారు. నా పిల్ల అందరి ముందూ కుడిచెయ్యి చాపి, ఈ చేత్తోనే రుద్దా మేడం అంది. ఎందుకు రుద్దిందో మాత్రం చెప్పలా. నేనూ చెప్పలా. ప్రిన్సిపల్ మేడం నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఇందాకటిదంతా ఏంది అన్నట్టు చూసింది. కూర నిజమేనండీ, మిగతాది నాకూ ఇప్పుడే తెలిసింది అన్నా.

అప్పుడు నిఖిత, తన తల్లి చెయ్యి వదిలి, ముందుకొచ్చింది. నేనే ముందు వాళ్ళ నాయనమ్మని వెక్కిరించా మేడం అంది నేల చూస్తా. వాళ్ళమ్మ మొహం మాడిపోయింది. ప్రిన్సిపల్ మేడం టీసీ కాగితాన్ని సొరుగులో పడేసింది. చింపలా, పడేసింది. నెల రోజులు నిస్సీ హాస్టల్‌కి రాకూడదు, ఇంటి నుంచే బస్సులో వచ్చిపోవాలి, మళ్ళీ ఒక్క మాట వినపడితే ఆ కాగితం బయటికొస్తది అంది. సరేనన్నా. నెల రోజుల బస్సు ఎంత చెప్పండి.

బయటికొచ్చాక నిఖిత మా వెనకే గేటు దాకా వచ్చింది. ఏదో అడగాలని, అడగలేక, చివరికి నిస్సీని అడిగింది.

"మీ నాయనమ్మకి తెలుసా, నేను అట్టా చేశానని?"

నిస్సీ అడ్డంగా తలూపింది. నిఖిత లోపలికి పరిగెత్తింది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతుంది. హజ్రా పిన్ని గుమ్మంలోనే నిలబడి, ఏమైంది, తిన్నారా అని అడిగింది. తిన్నారు పిన్నీ, గిన్నె ఊడ్చారు అన్నా. అత్తమ్మ వసారాలో మేలుకునే ఉంది. ఆవిడకి అంతా చెప్పా. ముసలావిడ లేచి మా అమ్మా వండేది అన్న సంగతి చెప్పినప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. మిగతాది నేను చెప్పలా. నిస్సీ వైపు చూశా.

పిల్ల మంచం దగ్గరికి పోయింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి పట్టె మీద కూర్చుంది.

"నేనే రుద్దా నాయనమ్మా. మేడానికి చెప్పేశా."

అత్తమ్మ దాని మొహం చూసింది. తర్వాత ఎడం చెయ్యి ఎత్తి గూట్లోకి చూపించింది. నీళ్ళా అన్నా, కాదంది. అద్దమా, దువ్వెనా, కాదంది. ఆముదం సీసా మీద చెయ్యి పెడితే ఆగింది. గిన్నెలో పోసి తెచ్చి ఈసారి నా చేతిలోనే పట్టుకున్నా. ఆవిడ అందులో వేలు ముంచి, నిస్సీ కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, నాలుగు వేళ్ళ కొసలకీ ఒక్కోదానికీ నిదానంగా రాసింది. దద్దులు తగ్గి అప్పటికి పది రోజులు దాటింది.